చేతికి ఐదు

రేత్రి రెండు గంటలకు
బంగారుపాళ్యం అవతల షెడ్డులో
లైట్లన్నీ ఆర్పేసి
నీలం బల్బు ఒకటే వేస్తారు.
నీలం వెలుతురులో కోళ్ళకు కండ్లు కనపడవంట,
బెదరవంట.
మాకు కనపడతాయి.

చేతికి ఐదు. కాళ్ళు పట్టి, తలకిందులుగా.
లోడుకు రెండువేల కోళ్ళు.
ఒక్కోదానికి నలభై రోజుల వయసు.
ఒళ్ళు పెద్దకోడిది,
గొంతు ఇంకా పిల్లది.
రొమ్ము పెరిగినంత బిరాన కాళ్ళు పెరగక
కొన్ని లేవలేవు; అవి పట్టను సులువు.

తెల్లారేతలికి
మోచేతుల దాకా గీతలు,
ముక్కులో ఎరువు ఘాటు,
జోబులో ఆర్నూర్లు.

ఇంటికొస్తే మా అత్త కుప్పమ్మ గంప ఎత్తతా ఉంటాది.
పదకొండు పెట్టలు, ఒక పుంజు.
అవి పేడకుప్ప గీరి, ఉలవ చేలో దూరి,
మిట్టమద్దేనం దుమ్ములో పొర్లాడి
మాపటికి వాటంతట అవే వస్తాయి.
పోయిన నెల వచ్చినవి పదమూడు.
ఒకదాన్ని ముంగిస ఎత్తకపోయింది,
ఇంకొకటి కొక్కెర తెగులుకు మెడ వాల్చింది.
ఇచ్చగా తిరగడంలో
అదీ ఒక బాగమే అంటాది అత్త.

ఆదివారం తిరుపతి నుంచి కారొచ్చింది.
మంచాయనే. చెప్పులు బయటే విడిచినాడు.
"ఫారం కోడి మానేసినామమ్మా,
ఫోన్లో ఏదో వీడియో చూసినాక
మా పాపకు ముద్ద దిగలేదు" అన్నాడు.
"ఇవి బాగా తిరుగుతాయా?
సూదులేమీ వెయ్యరు కదా?
కోసేటప్పుడు నెప్పి లేకుండా..."
అత్త అన్నిటికీ తలకాయ ఊపి
"కిలో ఆర్నూర్లు సామీ" అనింది.
ఆయన బేరమాడలేదు.

నేను తొట్టికాడ చేతులు కడుక్కుంటా ఉండా.
ఆ వీడియోలో మనుషుల మొగాలు కనపడవంట,
మోచేతుల దాకే.
చొక్కా చేతులు కిందికి దించుకున్నా.

నా రేత్రి ఒక కిలో.
ఎముకలతో కలిపి.

నాలుగు పెట్టలు పోయినాయి కారులో.
ఎర్రపెట్టను అడిగితే
"పొదుగుతా ఉండాది" అని అబద్దం చెప్పింది అత్త.
ఆ డబ్బు చీటీకి.

మా చిన్నది మోహితకు రక్తం ఎనిమిదే ఉందని
ఆస్పత్రి నర్సమ్మ రాసిచ్చింది.
కూర పెట్టండి, గుడ్డు పెట్టండి.
మస్తాన్ భాయ్ అంగట్లో అరకిలో తీసుకున్నా,
తోలుతో అయితే ఇరవై తక్కువ,
కాళ్ళు ఊరికే వేసినాడు.
భాయ్ కత్తిని వెనక దాచి
కోడి కండ్లకు అరచెయ్యి అడ్డం పెడతాడు.
ఎందుకని ఎప్పుడూ అడగలేదు.
ఆయనా చెప్పలేదు.

సంగటి, పులుసు.
అత్త సియ్యను వేళ్ళతో నొక్కి
"ఇది కోడా, దూదా" అనింది.
అంటానే కార్జం ఏరి
మనవరాలి పళ్ళెంలో వేసింది.
పిల్ల ఎముక చప్పరిస్తా
"నైనా, దీనికి పేరుందా?" అనింది.
లేదు కన్నా.
నిన్న రేత్రి దాన్ని నేనే పట్టి ఉంటానా ఏమో,
అదీ తెలీదు.

మా అత్త ఏ పెట్టను కోసినా
ముందు దాని ముక్కులో నీళ్ళ చుక్క పోస్తాది.
షెడ్డు నుంచి చెన్నై దాకా
లారీలో చుక్క ఉండదు.

మొన్న రేత్రి చేతికి మూడే పట్టినా.
రెక్క కింద చెయ్యి వేసి ఎత్తితే
దాని గుండె నా వేళ్ళకు కొట్టుకుంటా ఉంది,
పిల్లకు జొరమొచ్చినప్పుటి మాదిరి.
మేస్త్రీ చూసినాడు.
లోడు ముక్కాలుగంట ఆలస్యం.
"ఏంరా, పెండ్లికూతుర్ని ఎత్తతా ఉండావా?"
నూటయాభై కోత.

ఆ నూటయాభై ఎవరు కట్టాలో
కారాయన్ను అడుగుదామనుకున్నా.
నంబరు గోడ మీద బొగ్గుతో రాసే ఉండాది.
కోడి ఉంటేనే చెయ్యమన్నాడు.

ఈ రేత్రికి మళ్ళీ లోడు.
చేతికి
నాలుగు పడదామనుకుంటా ఉండా.