తరుగు

పదిల ఎంత, అని అడిగింది డాక్టరమ్మ.
మూడు, అన్నడు మా ఆయన.

ముప్పై ఏండ్లు ఎనుమాముల మార్కెట్ల దడువాయి,
బస్తాను చూడంగనే కిలోలు చెప్పే మొగిలి,
రాత్రంత గోనెసంచుల చుట్టను
పొట్టకు అదుముకొని
ముందటికి వంగి కూసున్నోడు.
మూడట.

నేను బల్ల కిందికి చూసిన.
చెప్పులల్ల కాలివేళ్ళు ముడుసుకొని ఉన్నయి.

ఈ క్లోమం ఏందో మాకు తెల్వది.
మేకను కోస్తె కార్జం తెలుసు, తిల్లి తెలుసు, బోటి తెలుసు,
దీనికి మా ఇంట్ల పేరే లేదు.
కడుపెనక, ఎన్నుపూసకు ఆనుకొని
ఇన్నేండ్లు సప్పుడు చెయ్యక పనిచేసిన దాన్ని
గడ్డ కట్టినంకనే ఎరుక చేసిన్రు.

కోసి తీసేటట్టు లేదన్నరు.
పైపు ఏసి కామెర్లు దించిన్రు.
పదిహేను దినాలకోపారి సెలైన్ల మందు.
"పెరగకుండ ఆపుడే అమ్మా, మాయం చేసుడు కాదు."
ఆయన తలకాయ ఊపిండు:
మార్కెట్ల గూడ గంతే,
ధర పడకుండ ఆపితెనే గొప్ప.

మార్ఫిన్ గోలీ అంటె మాత్రం భయం.
అలవాటైతదట, మత్తుల పడేస్తదట,
అది ఆఖరుకు ఇచ్చే మందట,
పక్క మంచమాయన చెప్పిండట.
అందుకే ఎనిమిదిని మూడు చేసి చెప్తుండు.

ఆ దినం నేనే నోరిడిసిన:
"రైతు బస్తాకు తరుగు తీసినవ్,
దుమ్మని, తేమని, తాలుకాయని.
నీ నొప్పికి గూడ తీస్తవా?
కాంట ముంగట నిలబడి అబద్ధమాడకు."

చాన సేపు గోడ మీది క్యాలెండర్ చూసిండు.
ఇగ చెప్పడనుకున్న.
మెల్లగ, చిట్టీ రాసిచ్చినట్టు,
ఎనిమిది, అన్నడు.
రాత్రిల్ల తొమ్మిది.
డాక్టరమ్మ ఉన్నదున్నట్టు రాసుకున్నది.

అప్పటిసంది నాలుగు గంటలకోపారి గోలీ,
నొప్పి వచ్చినంక కాదు, రాకముందే.
కడుపు బిగవట్టకుండ ఇంకో మందు.
అన్నం ముద్దతోని అరుగుదల గోలీ.
ఒకపారి హైదరాబాదుకు తీస్కపోతె
వీపులకెళ్ళి సూది పెట్టి నరాన్ని మొద్దుబార్చిన్రు.

మొన్న స్కానింగ్ తీస్తె
గడ్డ ఎంతున్నదో అంతనే ఉంది.
"సరుకు గోదాంల నుంచి కదల్లే," అని నవ్విండు.
నవ్వితె దగ్గొచ్చింది.
దగ్గితె నొప్పి రాలే.
ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకున్నం.

హమాలీ ఓదెలు జేబుల ఒక చపాట కాయ పట్టుకొచ్చిండు.
తుంచి ముక్కు కాడ పెట్టుకొని
"నర్సంపేట దిక్కుది. ఇంక రెండెండలు పడాలె,"
అన్నడు మా ఆయన. తుమ్మిండు.

పదింటికి రెండు గోలీలు ఒక్కపారే ఏసిన,
డాక్టరమ్మ చెప్పినట్టే, నడిరాత్రి లేపే పని లేకుండ.
అయినా రెండింటికి నాకు మెలకువొచ్చింది.
గోనెసంచుల చుట్ట కింద పడి ఉంది.
ఆయన ఎల్లెలకల పన్నడు.
కాళ్ళు చాపితె మంచం చాలక
పాదాలు బయటికొచ్చినయి,
వేళ్ళు ఇడుసుకొని.

ఈ మనిషి ఇంత పొడుగని
మర్సేపోయిన.