మద్రాసుకి మూడు రోజులు

ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్లోంచి
అయిపోయిన నవంబరు చించి
వెనకవైపు మూడు గళ్ళు గీశాను.
శుక్రవారం, శనివారం, ఆదివారం.
ఇంట్లో ముగ్గురూ పెన్నులు పట్టుకొచ్చేశారు.

చిన్నోడు తారక్ గాడికి పాములు కావాలి,
తర్వాత భూమి కింద పోయే రైలు,
తర్వాత మళ్ళీ పాములు.
హంసినికి పదమూడేళ్ళు, ఏమీ అక్కర్లేదు.
వైఫై ఉన్న గది, సముద్రం దగ్గర ఒక సాయంత్రం,
ఫోటోలో మేమెవరం పడకుండా. అంతే.
పెంచలప్రసాదు లెక్కల మనిషి:
వెయిటింగ్ లిస్టు పద్నాలుగు, పదకొండు, ఎనిమిదని
పొద్దునా రాత్రీ జ్వరం చూసినట్టు చూస్తున్నాడు.

ట్రిప్లికేన్లో మొదటి లాడ్జివాడు
ఫ్యామిలీలకి ఇవ్వమన్నాడు.
రెండోవాడు అరవంలో ఏదో చెప్పాడు,
నేను తెలుగులో ఏదో చెప్పాను,
ఇద్దరం మర్యాదగా ఫోన్లు పెట్టేశాం.
మైలాపూరులో దొరికింది చివరికి.
నాలుగో అంతస్తు. వేణ్ణీళ్ళు ఏడింటిదాకే.

శనివారం గడిలో, పొద్దున పదింటికి
నాదొకటి రాసుకున్నాను, చిన్న అక్షరాలతో:
కచేరీ. టికెట్టు లేదు.
"కచేరీ అంటే?"
పాట.
"ఎంతసేపు?"
రెండున్నర గంటలు.
"ఒకటే పాటా!"
లంచం ముందే సిద్ధం చేసి ఉంచాను:
సభ వెనకాల క్యాంటీను, అరిటాకులో అడై,
పక్కన బెల్లంముక్క, వెన్నముద్ద,
ఆ పైన వేలికి నెయ్యి అంటే అశోకా హల్వా.
వాడు కాసేపు ఆలోచించి
ఒకటే పాటైనా పర్లేదన్నాడు.

ఎదురింటి రాఘవమ్మ గోడ మీదుగా అడిగింది:
"మద్రాసుకా? ఏందమ్మా, ఎవురికి బాగలేదు?"
మా నెల్లూరోళ్ళు మద్రాసు రైలెక్కితే
చేతిలో స్కానింగు కవరైనా ఉండాలి,
పెళ్ళి పట్టుచీరల జాబితా అయినా ఉండాలి.
ఎవరికీ ఏమీ లేదు పిన్నీ, పాట వినడానికి, అన్నాను.
ఆమె కాసేపు నా మొహంలో రోగం వెతికింది.

ఆరేళ్ళ కిందట నేనూ కవరుతోనే పోయాను.
నాన్నకి గుండె ఆపరేషను, ఇదే డిసెంబరు.
పదకొండు రోజులు. వాన.
ఏడోరోజు మందుల కోసం రోడ్డు దాటి
సందు తప్పి, ఒక రేకుల పందిరి కింద తల దాచుకుంటే
లోపలినుంచి ఎవరో ఆడమనిషి గొంతు,
నిదానంగా, తెలుగులో.
కుర్చీల్లో వాళ్ళంతా అరవంలో గుసగుసలాడుకుంటూ
సరిగ్గా తలాడించాల్సిన చోట తలాడిస్తున్నారు.
మాట అర్థమైన నేనేమో
తొమ్మిదో తరగతిలో పాట మానేసినదాన్ని,
గుమ్మం దగ్గర తడిచెప్పులతో నిలబడి
మందుల చీటీ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాను.
ఒకచోట తప్పింది.
పక్కనున్న ముసలాయన నావైపు చూడకుండానే
తన తొడ మీద గట్టిగా ఒక దెబ్బ వేసి అందించాడు.

మందులు ఇరవై నిమిషాలు ఆలస్యమయ్యాయి.
నాన్నకేమీ కాలేదు.
అయినా ఎవరికీ చెప్పలేదు.

రాత్రి కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి పడుకున్నా.
పొద్దున చూస్తే గళ్ళనిండా బాణాలు,
పాములు ఆదివారానికి పాకాయి,
సముద్రం మీద పెరుగు మరక.
కచేరీ పక్కన హంసిని చేతిరాత:
అమ్మ దగ్గర నేను కూర్చుంటా.
వీణ్ణి నాన్న హల్వాకి తీసుకుపోవాలి.
ఇయర్‌ఫోన్స్ తెచ్చుకోవచ్చా?

తెచ్చుకో, అని రాశాను.
కింద ఇంకో మాట రాయబోతుంటే
స్నానాలగదిలోంచి పెంచలప్రసాదు కేక:
"ఆరు!"