అరవై ఒక్క పేజీలు

ఈ కోర్టులో ప్రతి మాటా నా వేళ్ల మీదుగానే పోవాలి.
ఇరవై ఆరేళ్లుగా ఇదే కొలువు.
దగ్గుకి మీట లేదు, ఏడుపుకి లేదు.
జడ్జిగారు గోళ్లు చూసుకోవడానికి అసలే లేదు.
మౌనాన్ని టైపు చెయ్యడం మాకెవరూ నేర్పలేదు.

లూసియానాలో బయూ పక్కన మా చిన్న పారిష్.
వరద ఎంత ఎత్తు వచ్చిందో చెప్పే గీత
వరండా గోడ మీద ఇంకా ఉంది.
ఆ గీత కింద, బెంచీ మీద
ఆల్సీడ్ బటీస్ట్ వాళ్లమ్మ.
ఒళ్లో సంచీ, సంచీలో సగం చింపిన రేవు టికెట్టు.

"దోపిడీ జరిగిన వేళకి మావాడు పడవలో ఉన్నాడు,
టికెట్లు చింపే ఓజెమ్‌ని అడగండి"
అని వచ్చేపోయే ప్రతి కోటుకీ చెప్పింది.
నాకూ చెప్పింది.
నాకు జీతం వినడానికి, చెప్పడానికి కాదు.

ప్రూయిట్ గారు చెడ్డవాడు కాదు. అదీ రాసుకోండి.
సర్కారు ఇచ్చిన వకీలు. రెండువందల పద్నాలుగు కేసులు
కారు డిక్కీలో, కమలాపళ్ల అట్టపెట్టెల్లో.
ఆల్సీడ్‌ని మొదటిసారి చూసింది విచారణ నాడు పొద్దున,
లిఫ్టుకీ తలుపుకీ మధ్య.
"ఆల్ఫ్రెడ్ కదూ?"
"ఆల్సీడ్ అండీ."
పరిచయం అక్కడికి సరి.

పోలీసు చెప్పాడు. "ప్రశ్నలు లేవు."
కొట్టు యజమాని చెప్పాడు, దీపం లేని సందులో
నలభై అడుగుల నుంచి మొహం పోల్చానని.
నా వేళ్లు ఆగాయి, ఒక్క క్షణం,
దీపం సంగతైనా అడుగుతాడేమోనని.
ఆయన తర్వాతి ఫైలు తిరగేస్తున్నాడు.
"ప్రశ్నలు లేవు."

మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోయింది.
పద్దెనిమిదేళ్లు.

అదే గదిలో ఒకసారి
పందిపిల్ల ఎవరిదన్న తగువు నూట తొంభై పేజీలు కొట్టాను.
ఆల్సీడ్‌కి అరవై ఒకటి,
జ్యూరీ ప్రమాణాలతో కలిపి.

పైకోర్టు రాసింది:
వకీలు ఉన్నాడు. పక్కనే కూర్చున్నాడు.
నష్టం జరిగినట్టు రికార్డులో కనపడదు.
ఎలా కనపడుతుంది?
వండని కూరలో ఉప్పు తక్కువని ఎవరు రుజువు చేస్తారు?

తొమ్మిదో ఏట ఒకామె వచ్చింది, నోయెమీ ఫాంట్‌నో,
బూట్లకి రేవు బురద.
అరవై ఒక్క పేజీలూ నా ఎదుటే చదివి
పెన్సిలుతో పదకొండు చోట్ల గీత పెట్టింది.
"లేవు అనేముందు ఆయన ఎంతసేపు ఆలోచించాడు?"
ఇన్నేళ్లలో నన్నెవరూ ఏమీ అడగలేదు.
"ఆలోచించలేదు," అన్నాను.
"ప్రమాణం చేసి చెబుతారా?"

ఇవాళ నా కుర్చీలో వేరే పిల్ల కూర్చుంది.
నేను సాక్షి బోనులో.
ఓజెమ్ నిరుడు చలికాలంలో పోయాడు.
టికెట్టు మీద గంట కనిపిస్తోంది, నిమిషాలు వెలిసిపోయాయి.
ఆల్సీడ్‌కి నుదుటి దగ్గర జుట్టు లేదు.

నోయెమీ లేచి నిలబడింది.
"ప్రశ్నలున్నాయి."

నేను జవాబుకి ముందు ఆ పిల్ల వేళ్ల కేసి చూశాను.
నెమ్మదిగా చెబుతానమ్మా, అన్నాను.
ఇది పడాలి.