వివరణ పత్రం

మా ఊరి బ్యాంకులో నా బల్ల మీదికి
ఇళ్ళు కాగితాలుగా వస్తాయి.
గోడలకన్నా ముందు
జీతం చీటీలు వస్తాయి, పన్ను లెక్కలు వస్తాయి,
పన్నెండేళ్ళ కిందటి ఆస్పత్రి బాకీ ఒకటి
చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంటుంది.

లోరెట్టా క్రెయిచీ, వయసు యాభై రెండు,
బడి వంటశాలలో పద్దెనిమిదేళ్ళు.
కావలసింది ఎల్మ్ వీధి చివర రెండు గదుల ఇల్లు,
ధర అరవై ఒక్క వేలు.
నెబ్రాస్కాలో ఆ ధరకి ఇంకా ఇల్లుందా అని
ఒమాహా నుంచి ఫోన్లో పై అధికారి నవ్వాడు.
ఉంది. ధాన్యం గోదాము నీడ
మధ్యాహ్నం మూడింటికల్లా దాని మీద పడుతుంది.
అందుకే ఉంది.

పల్లెటూళ్ళకని ప్రభుత్వం పూచీపడే అప్పు అది.
చేతినుంచి ముందు పెట్టాల్సిందేమీ లేదు,
కానీ ఖాతాలో పడ్డ ప్రతి డాలరుకీ
పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి.

"అక్టోబరు పధ్నాలుగున మూడొందల నలభై, నగదు. ఎక్కడివి?"

గీతల కాగితం మీద రాసిచ్చింది:
"నాన్న అకార్డియన్ అమ్మాను.
కొన్నతని పేరు కింద ఇచ్చాను.
అతనికి వాయించడం రాదు."
ఆ చివరి మాట ఎవరూ అడగలేదు.
నేను కొట్టెయ్యలేదు.

"నవంబరులో ఇరవై, ఇరవై, ముప్ఫై ఐదు?"
"చర్చి దగ్గర కొలాచీలు అమ్మాను. గసగసాలవి ముందు అయిపోతాయి."

ముప్ఫై మూడేళ్ళ వాయిదాలని చెప్పాను.
వేళ్ళ మీద లెక్కేసుకుంది.
"అంటే ఎనభై ఐదో ఏట నాదవుతుందన్నమాట.
అందాకా బతకాలని కూడా షరతుల్లో రాసుకోండి."
రాసే గడి ఉంటే రాసేవాడినే.

విలువ కట్టే మనిషి వంద మైళ్ళనుంచి వచ్చాడు.
పునాది గట్టిదన్నాడు, కప్పు ఇంకో పదేళ్ళన్నాడు,
పడమటి గోడకి మాత్రం ఆగి ఫొటో తీశాడు.
రంగు చేప పొలుసుల్లా లేచింది.
పాతకాలపు రంగు, అందులో సీసం.
గీకి మళ్ళీ వేస్తేగాని అప్పు కదలదు.

అమ్మే ఆర్డెల్ వృద్ధాశ్రమంలో ఉంది.
ఆవిడ మేనల్లుడు "ఉన్నది ఉన్నట్టే" అన్నాడు, రెండుసార్లు.
ఈలోగా వడ్డీ పావు శాతం పెరిగింది,
గోరుచుట్టు మీద రోకటిపోటు.
వారం దాటితే చలికి రంగు పట్టదు.

"నేనే గీక్కోనా?" అంది.
నీది కాని ఇంటి మీద చెయ్యి వెయ్యకు,
అప్పు రాకపోతే రెక్కల కష్టం గోడపాలు, అన్నాను.
అలా అనడం నా ఉద్యోగం.

శనివారం అటుగా వెళ్తే
రెండు నిచ్చెనలు, నలుగురు ఆడవాళ్ళు,
తలలకి బడిలో పెట్టుకునే వల టోపీలే,
ముక్కులకి మాస్కులు, నేలంతా పరిచిన ప్లాస్టిక్కు.
నూట నలభైమంది పిల్లలకి
రోజూ బంగాళాదుంపల చెక్కు తీసే చేతులు
గోడని తడిపి తడిపి తొక్క తీస్తున్నాయి.
గోదాము నీడ వచ్చేలోగా ఒక పూతైనా ఆరాలట.

నేను కారు ఆపకూడదు.
నేనుండేది హార్డ్‌వేర్ కొట్టు పైన, అద్దె గదిలో.
వెనక్కి వెళ్ళి కింద కొట్లో ఒక గీకుడు బిళ్ళ కొన్నాను.
రసీదు జేబులో పెట్టుకున్నాను,
ఎవరైనా వివరణ అడుగుతారేమోనని.

జనవరిలో ఇల్లు ఆమె పేరున పడింది.
రంగు ఒక్క గోడకే సరిపోయింది:
మూడు వైపులా వెలిసిన పసుపు, పడమర తెలుపు.
అప్పు అడిగింది అంతవరకే.

మొదటి వాయిదా గడువుకి రెండు రోజుల ముందే వచ్చింది.
నాలుగు డాలర్లు ఎక్కువ, అన్నీ చిల్లర బిళ్ళలు,
వాటితో గీతల కాగితం, నేనడక్కుండానే:

"వంటింటి సొరుగు వెనక దొరికాయి.
ఆర్డెల్‌ని అడిగాను, గుర్తులేదంది.
ఇంటి డబ్బు.
ఇంటికే జమ చెయ్యండి."