మేలుకోనుండారా

చీమకుర్తి కాటా దగ్గర ఇరవై ఆరేళ్లు
లారీల బరువు రాశాను.
బండతో ఒకసారి, ఖాళీగా ఒకసారి.
కాటాకి కంప్యూటర్ తగిలించిన రోజు
నన్ను ఖాళీగా ఒక్కసారే తూచారు.

ఇప్పుడు యాభై ఎనిమిది.
దరఖాస్తులో ఆ గడి దగ్గరికొచ్చేసరికి
పెన్నుకి మొహమాటం.

మా గుంపులో పద్నాలుగు మందిమి,
ఫోన్లో తప్ప ఒకరినొకరం చూసింది లేదు.
ఫొటో పెట్టాల్సిన చోట ఒకరు వినాయకుణ్ణి, ఒకరు మనవరాలిని,
సింగరాయకొండ ఖాదర్ మస్తాన్ తన పాత లూనాని పెట్టాడు.
రాసేది తక్కువ, గొంతు పంపేదే ఎక్కువ.
కళ్లజోడు వెతుక్కునే పని లేదు.

"మీసానికి రంగు పుయ్యమాక పెంచలయ్యా.
తలకి చాలు. రెండూ నల్లగుంటే ఇట్టే పట్టేస్తారు."
ఇది సువార్తమ్మ.
పదకొండేళ్లు రొయ్యలు వొలిచింది,
వేళ్లు వంగడం లేదని మాన్పించారు.
రాత్రి తొమ్మిది దాటితే ఆమే మాకు మేనేజరు.
"వయసెంత? ఇన్నాళ్లూ ఏం చేశా?
ఆ ఏడుపు గొంతు తీసెయ్. మళ్లీ చెప్పు."
ఖాదర్ చెప్పబోయి దగ్గుతాడు.
"దాన్ని దాచమాక నా, దానికీ ఒక పని చెప్పు."

కొత్తపట్నం రోడ్డులో కోల్డ్ స్టోరేజీ.
నైట్ వాచ్‌మన్, ఒక్కడు కావాలి.
టీకొట్టు గోడ మీద సాయంత్రం అయిదింటికి చదివాను.
గుంపులో చెప్పింది తొమ్మిదిన్నరకి.
మధ్యలో ఆ నాలుగున్నర గంటలు
నా జేబులోనే ఉన్నాయి, వేడిగా.

తెల్లారి గేటు దగ్గర ముగ్గురం.
పేరు చెప్తుంటే వెనకనుంచి దగ్గు.
ఆ దగ్గు నాకు తెలుసు!
తిరిగి చూస్తే ఎవరో బక్కపలచటి మనిషి.
"కాటా సారా?"
"లూనా ఏది?"
"అమ్మేశాలే" అని నవ్వాడు.
మూడోవాడు మాలకొండయ్య,
ఎవరూ అడక్కుండానే తల దించుకుని
"నేను మొన్ననే చూశా ఈ కాగితం" అన్నాడు.
నేనేమీ అనలేదు. ఏమనను?
ముగ్గురం టీ తాగాం,
డబ్బులు నేనిస్తానంటే నేనిస్తానని
ఉద్యోగం ఉన్నోళ్లలాగే పోట్లాడుకున్నాం.

లోపల ఖాదర్‌ని అడిగారంట, ఈ దగ్గుతో ఎట్టా అని.
"రాత్రిపూట మనిషున్నాడని దొంగకి తెలియాలి గదా సార్,
దీనికి వేరే జీతం అడగను" అన్నాడంట.
మేనేజరు నవ్వాడంట.
నన్ను మాత్రం సార్ సార్ అని పిలిచి
ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, వెళ్లి రమ్మన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
కోపం అనను. ఇంకేదో.
మా ఆవిడ అటు తిరిగి పడుకుంది, తనకీ పట్టలేదని తెలుస్తూనే ఉంది.
ఒంటిగంటా నలభైకి ఫోను వెలిగింది.
ముందు దగ్గు.
తర్వాత, చాలా మెల్లగా,
"గేటుకి తాళమేశా. ఇక్కడ నేనూ, ఒక కుక్కా.
ఎవురన్నా మేలుకోనుండారా?"

కళ్లజోడు దొరకలేదు.
బొటనవేలు ఆనించి పట్టుకుని
"చెప్పు నా" అన్నాను.
"కుక్క రంగేంది?"