గేటు అవతలి అంగడి

మా సందు మొగదల్లోనే ఉంది
ఏసీ వేసిన పెద్దంగడి.
చెప్పులు తొడుక్కోకుండా పోయి రావచ్చు.
బుడ్డల నూనె లీటరు మీద పన్నెండు రూపాయలు తక్కువ.
నేను మాత్రం సంచి మడిచి చంకన పెట్టుకొని
రైలు గేటు దాటి
దస్తగిరి అంగడికి పోతా.

పదకొండేళ్లుగా.

ఆ పెద్దంగడి గోడల్లో ఏముందో నాకు తెలుసు.
జిన్నింగు మిల్లు మూసిన ఏడు
నూటా నలభై మందికి రావాల్సిన బోనసు ఉంది.
గేటు ముందర నలభై ఒక్క దినాలు
మేం పరిచిన గోనెపట్టలున్నాయి.
పత్తి నుసి మాత్రం అక్కడ లేదు,
అది మా ఇంటాయన ఊపిరితిత్తుల్లో ఉంది.
రిబ్బను కత్తిరించిన రోజు
ఇంటింటికీ లడ్డు పంచితే
ఆయన తీసుకొని వీధికుక్క ముందర పెట్టినాడు.
అది వాసన చూసి తినేసింది.
“కుక్కకు యూనియన్ యాడుందిలే” అన్నాడు.

అప్పట్లో సందు సందంతా ఒట్టేసుకున్నాం.
మొదటి ఉగాదికే ఇద్దరు తప్పినారు, బెల్లం చవకని.
తర్వాత కంతుల మీద ఫ్రిజ్జు ఇస్తారని సుంకన్న.
మైకు పట్టుకొని మాతో ఒట్టేయించిందే సుంకన్న!
నేనెవర్నీ ఏమనలేదు.
ఎవరి సంచి బరువు వాళ్ల భుజానికే తెలుసు.

దస్తగిరి తూకం నిక్కచ్చి.
పొట్లానికి దారం చుట్టి
కొసరుగా గుప్పెడు బొరుగులు పోస్తాడు.
ఒక మధ్యాహ్నం
అంగడి వెనక నూనె డబ్బాలు దించుతుంటే చూసినా.
డబ్బా మీద అదే సేటు గుర్తు, కోడిపుంజు.
“హోల్‌సేలంతా వాళ్ల చేతిలోనే ఉందక్కా,
ఆదోనంతా తిరిగి చూడు.
ఉరుకుందన్నకు మాత్రం చెప్పొద్దు.”
ఆ రోజు నూనె కొనలేదు.
మర్నాడు కొన్నా.
తాళింపు లేని పప్పు ఎన్ని దినాలు తింటాం?

పక్కింటి షమీమ్ ఆ పెద్దంగట్లోనే బిల్లులు కొడుతుంది.
తొమ్మిది వేలు. పన్నెండు గంటలు. కూర్చోనియ్యరు.
“మా కౌంటరుకు ఒక్కసారైనా రావేం పెద్దమ్మా?
బేరాల్లేవని ఒకర్ని తీసేస్తారంట” అంటుంది.
నేను పోకపోవడం ఎవరి కోసమో
ఆ పిల్ల కాళ్ల వాపు చూస్తూ
చెప్పలేకపోయినా.

మొన్న రాత్రి పదింటికి
ఆయనకు వాంతులు. చేతులు చల్లబడినాయి.
గ్లూకోజు కావాల.
దస్తగిరి ఎప్పుడో షట్టరు దించింటాడు.
పోయినా.
అద్దాల తలుపు దానంతట అదే తెరుచుకుంది,
ఇన్నేళ్లూ నా కోసమే కాచుకున్నట్టు.
చల్లటి గాలి. నున్నటి నేల మీద నా మొహం.
షమీమ్ నవ్వబోయి
నా చేతిలో డబ్బా చూసి ఆపుకొని
గబగబా బిల్లు కొట్టింది.
యాభై ఎనిమిది రూపాయలు.
నా సొంత నోట్లే,
వేరేవాళ్ల కొంగులోంచి విప్పుతున్నట్టు
వేళ్లు తడబడినాయి.

తెల్లారి తేరుకొని
మూలనున్న కవరు చూసినాడాయన.
దాని మీది పేరు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు.
నేను పొయ్యి వైపు తిరిగి నిలబడినా,
ఆరిన పొయ్యినే ఊదుతూ.
కవరు లోపలిది బయటికి తిప్పి
మందుచీటీలు అందులో పెట్టుకొని
“దస్తగిరి దగ్గర ఇది డెబ్బై కదా” అన్నాడు.
నవ్వినాడో, దగ్గినాడో.

ఈ పొద్దు మళ్లీ సంచి చంకన పెట్టుకున్నా.
సందులో షమీమ్ ఎదురొచ్చింది.
రాత్రిళ్లు ఉప్పు వేసిన వేన్నీళ్లలో కాళ్లు పెట్టుకోమని చెప్పినా.
కూర్చోడానికి స్టూలు అడగమని చెప్పినా.
అడిగేటప్పుడు
ఒక్కదానివే అడగొద్దని చెప్పినా.

గేటు పడింది.
గూడ్సు బండి. పెట్టెలు లెక్కపెడుతున్నా.
నలభై ఒకటి దాటినా
ఇంకా వస్తానే ఉన్నాయి.