మూడు నిమిషాలు

గాలి లేదు.
విండ్‌సాక్ కర్రకి
ఎవరో ఆరేసి మర్చిపోయిన లుంగీలా వేలాడుతోంది.
మధురపూడి టవర్ అద్దాల్లోంచి చూస్తే
సార్వా కోతలైన చేలల్లో గడ్డికి నిప్పెట్టారు.
పొగ నిటారుగా లేచి
కొబ్బరి మొవ్వు ఎత్తున ఆగి
ఎటు పోవాలో తోచక అక్కడే పరుచుకుంది.

గాలివానలోనే మాకు దడ అనుకుంటారు బయటివాళ్ళు.
ఇలా ఆకు కదలని సాయంత్రమే
నేను కుర్చీ అంచున కూర్చునేది.

హైదరాబాదు నుంచి పెద్దది దిగింది.
నూట ఎనభై మంది, వాళ్ళ పెట్టెలు,
ఎవరి ఒళ్ళోనో గుడ్డ కట్టిన అస్థికల కుండ కూడా ఉండొచ్చు,
గోదారికొచ్చే విమానం కదా.
చక్రాలు కాంక్రీటుని ముట్టి ఇంత నీలిపొగ ఊదాయి.
తిరిగింది, వెళ్ళి నిలబడింది.
రన్‌వే ఖాళీ
అని కళ్ళు చెబుతాయి.

వెనక ఆరు మైళ్ళలో ఒక శిక్షణ విమానం.
రెండు సీట్లు, ఒక్క మనిషి,
ఇరవై నిండని గొంతు:
"రన్‌వే కనబడుతోంది. దిగనా?"

ధవళేశ్వరం దగ్గర నది చీలినట్టు
దిగే ప్రతి విమానమూ వెనక గాలిని చీలుస్తుంది.
ఎడమ రెక్క కొసన ఒక గౌతమి
కుడి రెక్క కొసన ఒక వశిష్ఠ.
ఇవి సముద్రానికి పోవు.
తమని తామే చుట్టుకుంటూ కిందికి జారతాయి.
ఎంత బరువు దిగితే అంత సుడి.
గాలి వీస్తే పక్క చేలోకి తోసేస్తుంది,
వీయకపోతే
రన్‌వే గడప మీదే పడుకుంటాయి, కనబడకుండా.

మా మావయ్య సంగాని పల్లయ్య
కోటిపల్లి రేవులో పంటు సరంగు.
నా తొమ్మిదో ఏట, నేనూ పిన్ని కొడుకూ
లంక గడ్డికి చిన్న నావలో బయల్దేరాం.
పంటు దాటిపోయింది కదా అని వెనకే తెడ్డేశాం.
నూనె రాసినట్టు నున్నగా ఉన్నాయి నీళ్ళు.
ఆ నునుపే ఎత్తి, ఒరగదోసి,
సగం ముంచి,
ఎందుకో వదిలేసింది.
కొడవలి మాత్రం నదికే పోయింది.

ఆ రాత్రి మావయ్య తిట్టలేదు.
చుట్ట నలిపి అన్నాడు:
"ఎల్లిపోయిందనుకున్నావేటే?
పంటు ముందెల్తాది. దాని తోక ఎనకాలొస్తాది.
తోక దాటాకే నావెయ్యాలి."

మైకు నొక్కాను.
"వేక్ టర్బులెన్స్, జాగ్రత్త. ముందు దిగింది ఎయిర్‌బస్.
ఎడమకి ఒక చుట్టు తిరిగి రండి."

గరగర.
"మేడమ్, వెలుతురు పోతోంది."

నిజమే. పొద్దు కొవ్వూరు మీద వాలిపోయింది.
"తెలుసు. తిరిగి రండి."
నా గొంతులో అంత ఇనుము ఉందని
నాకూ అప్పుడే తెలిసింది.

ఒక నిమిషం.
పక్కన ప్రకాశరావు గారు
ఫ్లాస్కు మూత తీసి, టీ పోసుకోకుండా పట్టుకున్నారు.

రెండో నిమిషంలో
గడ్డిపొగ మధ్య
ఏ గాలీ లేకుండానే ఒక గుండ్రం పడింది.
కవ్వం ఎవరో తిప్పుతున్నట్టు
పొగ తనలోకి తానే దూరి, మళ్ళీ బయటపడి,
పొలం గట్టుకి అడ్డంగా దొర్లింది.
గట్టు మీద మనిషి
చేతిలో పంగలకర్ర వదిలేసి వెనక్కి నడిచాడు.

మూడో నిమిషం ఎంతసేపుందో చెప్పలేను.
గుండ్రం పీచు పీచుగా విడిపోయింది.

"దిగొచ్చు."

చిన్న రెక్కలు, చిన్న దీపం.
గడప దగ్గర ఒక్కసారి
ఎడమకి వణికింది, ఎవరో వేలితో తాకి చూసినట్టు.
సర్దుకుంది.
దిగింది.

"చివర్లో ఏదో తగిలింది మేడమ్."
"ఏమిటి?"
కాసేపు ఇంజన్ చప్పుడే.
"ఏమీ కనబడలేదు."

లాగ్‌బుక్కులో సమయం వేశాను.
గాలి అన్న గడిలో
నిశ్చలం అని రాసి
ఆ మాట వంకే
చూస్తూ కూర్చున్నాను.